ర్యాంకరు ఇంటికి కారొస్తుంది... ఆటగాడి ఇంటికి?

పదో తరగతి ఫలితాలు రాకముందే కొన్ని ఇళ్లకు కొత్త చుట్టాలొస్తారు. చేతిలో రంగురంగుల కరపత్రాలు, జేబులో ఫోన్ నంబర్ల జాబితా. ఎవరో కాదు, కాలేజీల పీఆర్వోలు! మహబూబ్‌నగర్‌లోనైనా, మిర్యాలగూడలోనైనా వాళ్లు తొక్కని గడప ఉండదు. ఏ బడిలో ఏ పిల్లాడికి లెక్కల్లో నూటికి నూరొస్తాయో వాళ్లకు ముందే తెలుసు. 'ఫీజు వద్దు సార్, హాస్టల్ ఫ్రీ, పుస్తకాలూ మావే... మీ బాబును మాకివ్వండి చాలు' అంటారు. షెడ్యూలు రాకముందే పిల్లల్ని చేర్చుకోవద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. వీళ్లు ఏటా వస్తూనే ఉంటారు. తీరా ర్యాంకులొచ్చాక ఒకే కుర్రాడి ఫొటో రెండు కాలేజీల ప్రకటనల్లో కనిపించినా ఆశ్చర్యపోవడం మనం ఎప్పుడో మానేశాం.

అదే బడిలో ఇంకో పిల్ల ఉందనుకుందాం. మార్కులు ఓ మోస్తరు. కానీ చేతికి బంతి అందితే ముగ్గుర్ని తప్పించుకుని బుట్టలో వేసి వస్తుంది. జిల్లా జట్టుకు ఆడింది. ఆ పిల్ల ఇంటికి ఏ కారూ రాదు. ఏ పీఆర్వో ఫోనూ మోగదు. మంచి కాలేజీలో సీటు కావాలంటే ఆ పిల్ల తండ్రే సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి.

ఆటగాళ్ల కోసం కాలేజీలు వెతుక్కుంటూ రావడం మంచిదా, ఆటగాళ్లే కాలేజీల్ని వెతుక్కుంటూ పోవడం మంచిదా? రెండింట్లోనూ తంటాలున్నాయి. ఒక్కో పద్ధతిలో మోసం ఒక్కో దారిన దూరుతుంది. అంతే తేడా.

వెంటపడితే ఒక తంటా...

అమెరికాలో కథ మనకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ పీఆర్వో పాత్ర కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ది. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు పండ్ల బుట్టలు తగిలించి మొదలుపెట్టిన ఆట ఇది. ఇప్పుడు అక్కడి కాలేజీ మ్యాచ్‌లకు స్టేడియాలు నిండిపోతాయి. టీవీ హక్కులకు కోట్ల డాలర్లు పలుకుతాయి. అందుకే పొడుగ్గా, చురుగ్గా ఉన్న కుర్రాడు హైస్కూల్లో ఉండగానే కాలేజీలు కన్నేస్తాయి.

అలా ఎగబడతారని తెలిసే అక్కడ నిబంధనల పుస్తకం రాసుకున్నారు. 1906లో పుట్టిన ఎన్‌సీఏఏ అనే సంస్థ కాలేజీ ఆటలకు పెద్దదిక్కు. కోచ్ ఏ రోజుల్లో కుర్రాడిని కలవొచ్చు, ఏ రోజుల్లో కలవకూడదు, కాలేజీ చూడ్డానికి పిలిస్తే ఏ ఖర్చులు భరించొచ్చు... అన్నీ రాసి ఉంటాయి. చదువుకూ షరతుంది. పెద్ద కాలేజీల జట్టులో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు పూర్తిచేయాలి, మార్కులు కూడా చాలినన్ని రావాలి. ఎంత పొడగరి అయినా ఈ గడప దాటాల్సిందే.

మరి మోసం ఆగిందా? 2017 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఫెడరల్ అధికారులు పది మందిపై కేసులు పెట్టారు. వాళ్లలో నలుగురు పేరున్న కాలేజీల అసిస్టెంట్ కోచ్‌లు. బూట్ల కంపెనీ అడిడాస్ మనుషులూ ఉన్నారు. తమ బూట్లు తొడిగే కాలేజీలోనే పిల్లాడు చేరేలా తండ్రికి చాటుగా డబ్బు ముట్టజెప్పడం అందులో ఓ ఆరోపణ. లూయీవిల్ యూనివర్సిటీకి రావాల్సిన ఓ కుర్రాడి కుటుంబానికి లక్ష డాలర్ల బేరం కుదిరిందన్నారు. ఆ ఏడాది అక్టోబరులో అక్కడి పెద్ద కోచ్ రిక్ పిటీనోను యూనివర్సిటీ తొలగించింది. 2018లో కోర్టు ముగ్గుర్ని దోషులుగా తేల్చింది.

ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ కుర్రాడి సంగతి. అతని మీద ఏ నేరమూ మోపలేదు. కానీ ఆ తర్వాత అమెరికాలో ఏ కాలేజీ తరఫునా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. బేరమాడింది పెద్దవాళ్లు, బెంచీ మీద కూర్చున్నది పిల్లాడు!

చివరికి అమెరికాలో రూలే మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో సంపాదించుకోవచ్చన్నారు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వడం మొదలైంది. చాటుగా సాగింది బాహాటమైంది. మంచిదో కాదో వాళ్లే తేల్చుకోవాలి.

మన దగ్గరా వెంటపడతారు

మన దేశంలో ఇది అస్సలు లేదనుకోవద్దు. యూనివర్సిటీలకు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ అని ఒకటుంది. 1956-57 నుంచి ఇస్తున్నారు. ఏడాది మొత్తం ఆటల్లో అందరికంటే మెరుగైన యూనివర్సిటీకి దక్కుతుంది. దాని కోసం పంజాబ్ వైపు యూనివర్సిటీల మధ్య గట్టి పోటీ ఉంటుంది. చెన్నైలోనూ ప్రైవేటు యూనివర్సిటీలు బాస్కెట్‌బాల్ పిల్లలకు ఫీజు మాఫీ చేసి, హాస్టల్, భోజనం ఇచ్చి తీసుకుంటాయి. తప్పేం లేదు. ఆట మీద బతుకు నిలబడుతుందంటే సంతోషమే.

కానీ ఈ మాటలు చాలావరకు నోటి మీదే జరుగుతాయి. 'మీరు పంపించండి, మేం చూసుకుంటాం' అనే ఒక్క మాట నమ్మి పిల్లల్ని పంపేస్తాం. రెండో ఏడు మోకాలికి దెబ్బ తగిలిందనుకోండి... అప్పుడా ఫీజు మాఫీ ఉంటుందా, పోతుందా? పరీక్షల రోజుల్లో టోర్నమెంటు వస్తే చదువు సంగతేంటి? మధ్యలో మానేస్తే అసలు సర్టిఫికెట్లు తిరిగిస్తారా? ఈ ప్రశ్నలు అడిగే నాథుడే ఉండడు. కాలేజీ కోచ్ కాళ్లకు బంధం వేసే రూలు అమెరికాలో ఉంది. మన దగ్గర రూళ్లన్నీ ఆటగాడికే!

రెండు జిల్లాల్లో ఉన్న తలుపులెన్ని?

ఇక మన పాలమూరు, నల్గొండ సంగతి చూద్దాం. ముంబై, పుణె దాకా పోయి మట్టి మోసిన పాలమూరు లేబర్ పిల్లలు ఇక్కడి హాస్టళ్లలో చదువుకుంటూ పెరిగారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన తరాన్ని నల్గొండ కళ్లారా చూసింది. అలాంటి నేల మీద ఓ పిల్ల గట్టి ఎముకతో పరుగెడుతుందంటే అదే ఓ పతకం. ఆ పరుగుకు దారి చూపే తలుపులు ఎన్నున్నాయి?

మొదటిది చిన్నప్పుడే ఉంది. 1993లో మొదలైన హకీంపేట స్పోర్ట్స్ స్కూలు నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకుంటుంది. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వడపోత. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, నిట్టనిలువునా ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, షటిల్ రన్, 800 మీటర్లు, ఒంటి వంపు... ఇలా వరస పరీక్షలుంటాయి. టేపు, స్టాప్‌వాచీ అందరి కళ్ల ముందే పనిచేస్తాయి. ఇక్కడ మోసానికి మిగిలేది ప్రధానంగా ఒకటే... వయసు. ఎనిమిదేళ్ల పిల్లల మధ్య పదేళ్లవాడిని నిలబెడితే టేపు ఏం చేస్తుంది? పాపం, అది ఎత్తు కొలుస్తుంది గానీ పుట్టిన తేదీ కొలవదు కదా!

రెండోది జిల్లా జట్టు. 2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ నాలుగు జిల్లాలైంది. 2019లో నారాయణపేట కలిసి అయిదయ్యాయి. నల్గొండ మూడయింది. అయినా స్కూల్ గేమ్స్ వార్తల్లో ఇప్పటికీ 'ఉమ్మడి జిల్లా జట్టు ఎంపిక' అనే మాటే కనిపిస్తుంది. అంటే గద్వాల పిల్లయినా, కొడంగల్ దారిలోని పిల్లయినా పోటీపడేది ఆ ఒక్క జట్టులో చోటుకే. బస్సు చార్జీ లేక సెలక్షన్‌కు రాని పిల్ల ఏ లెక్కలోనూ ఉండదు.

మూడోది యూనివర్సిటీ జట్టు. ఇది చాలామంది గమనించని తలుపు. ఒకప్పుడు ఈ రెండు జిల్లాల డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. నల్గొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీ కుర్రాడు యూనివర్సిటీ జెర్సీ వేసుకోవాలంటే హైదరాబాద్ కాలేజీల వాళ్లను తోసుకుని ముందుకెళ్లాలి. బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేది 12 మందే. 2007లో నల్గొండకు యూనివర్సిటీ వచ్చింది. తర్వాత దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు యూనివర్సిటీ వచ్చింది. అంటే ఒక్క బాస్కెట్‌బాల్‌లోనే అబ్బాయిలకు పన్నెండు, అమ్మాయిలకు పన్నెండు చొప్పున రెండు చోట్లా కొత్త జెర్సీలు పుట్టాయి. సౌత్‌జోన్ పోటీల్లో ఆడే అవకాశం ఇంటి ముంగిటికొచ్చింది.

ఈ జెర్సీ ఎందుకంత ముఖ్యం? 2012 ఆగస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 74 ఇచ్చింది. ఉద్యోగాల్లో ఆటగాళ్లకు రెండు శాతం కోటా, 29 ఆటలకు గుర్తింపు. సర్టిఫికెట్లకు నాలుగు ఫారాలు పెట్టారు. ఫారం-1 దేశం తరఫున ఆడినవారికి. ఫారం-2 రాష్ట్రం తరఫున జాతీయ పోటీలాడినవారికి. ఫారం-3 యూనివర్సిటీల మధ్య పోటీల్లో ఆడినవారికి. ఫారం-4 జాతీయ స్కూల్ గేమ్స్ ఆడినవారికి. అంటే పాలమూరు యూనివర్సిటీ జెర్సీ వేసుకుని ఆడిన ఆట రేపు ఉద్యోగానికి దరఖాస్తు అవుతుంది. కూటికి దారి చూపే విద్య అన్నమాట!

బంతి కంటే కాగితం బరువు

అసలు తంటా ఇక్కడే మొదలవుతుంది. మన కోటా ఆటను నేరుగా చూడదు. ఆట ఆడినట్టు చెప్పే కాగితాన్ని చూస్తుంది. ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో ఆటల కోటా అర శాతం. అంటే 200 సీట్లకు ఒక్కటి! ఆ ఒక్క సీటు కోసం పోటీ మైదానంలో జరగదు, కౌంటర్ దగ్గర ఫైళ్ల మధ్య జరుగుతుంది. అందుకే అమెరికాలో డబ్బు ఆటగాడి వెంట పడితే, మన దగ్గర కాగితం వెంట పడుతుంది.

మోసాలన్నీ ఒక్క రకం కావు. కొందరు ఆడని ఆటకు సర్టిఫికెట్ పుట్టిస్తారు. కొందరు మూడు నాలుగు జట్లే వచ్చిన పోటీకి 'జాతీయ' అని పేరు తగిలిస్తారు. ఇంకొందరు పదకొండో ఆటగాడిగా, పన్నెండో ఆటగాడిగా పేరు రాయించుకుని బెంచీ దగ్గరే ఫొటో దిగుతారు. 'ఏ ఆటైతే తొందరగా నేషనల్స్‌కు పోవచ్చు సార్?' అని పీఈటీని అడిగే తల్లిదండ్రులు ఇంకో తరహా. పిల్లాడికి ఏ ఆట ఇష్టమన్నది అక్కడ ప్రశ్నే కాదు. కబడ్డీ, ఖోఖో లాంటి ఆటలకు మట్టి నేల, నాలుగు గీతలు చాలు. ఊరూరా పిల్లలాడతారు, పోటీ ఎక్కువ. బాస్కెట్‌బాల్‌కు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గట్టి నేల, 3.05 మీటర్ల ఎత్తున రింగు కావాలి. అది లేని ఊళ్లే ఎక్కువ. కోర్టు ఉన్న పట్నం బడికే సర్టిఫికెట్ సులువు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. అయినా పల్లె పిల్ల ఓడిపోయింది!

కాలేజీల పోటీల్లో ఇంకో పాత జబ్బు ఉంది... బయటి ప్లేయర్లు. ఎక్కడో ఉద్యోగం చేసుకునే ఆటగాడి పేరు కాలేజీ రిజిస్టర్లో ఎక్కించి కప్పు కొట్టడం. దీన్ని ఆపడానికే భారత విశ్వవిద్యాలయాల సంఘం నిబంధనలు పెట్టింది. ఆడేవాడు రెగ్యులర్‌గా చదివే విద్యార్థే కావాలి. పూర్తికాలం ఉద్యోగం చేసేవాళ్లు పనికిరారు. వయసుకు పరిమితి ఉంది. బయటివాడు ఆడిన ప్రతి నిమిషమూ ఆ కాలేజీలో నిజంగా చదివే కుర్రాడి నిమిషమే. కప్పు ప్రిన్సిపాల్ గారి గదిలో మెరుస్తుంది, ఆ కుర్రాడి ఫారం-3 మాత్రం ఖాళీగా ఉంటుంది.

ఇక సంఘాల గొడవ. 2015లో బాస్కెట్‌బాల్ జాతీయ సమాఖ్యే రెండుగా చీలింది. బెంగళూరులో ఒక వర్గం, పుణెలో మరో వర్గం వేర్వేరుగా ఎన్నికలు పెట్టుకున్నాయి. చివరికి అంతర్జాతీయ సమాఖ్య ఫిబా గుర్తించిన వర్గమే నిలిచింది. పెద్దలు కొట్టుకుంటే మధ్యలో నలిగేది పిల్లలే. గుర్తింపు లేని సంఘం పెట్టిన పోటీలో చెమటోడ్చి ఆడి గెలిచినా, సీటు దగ్గర ఆ కాగితానికి విలువ ఉండదు.

కోర్టులు చెప్పిన రెండు మాటలు

ఆటల కోటా మీద సుప్రీంకోర్టు ఇటీవల ఇచ్చిన రెండు తీర్పులు ప్రతి ఇంట్లోనూ తెలియాల్సినవి.

ఒకటి 2023 ఆగస్టులో వచ్చింది. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో ఆటల కోటాకు ఇంటర్ స్థాయిలో 75 శాతం మార్కులు ఉండాలని షరతు పెట్టారు. ఓ ఆటగాడు కోర్టుకెక్కాడు. ఆ షరతు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆటను ప్రోత్సహించడానికి పెట్టిన కోటాలో మార్కుల మెరిట్‌ను దూర్చితే కోటా ఉద్దేశమే దెబ్బతింటుందన్నది దాని సారాంశం. అలాగని చదువు అక్కర్లేదని కాదు. పాసవ్వాలి, అర్హత ఉండాలి. కానీ ఆటగాడిని మళ్లీ ర్యాంకరుతో పోల్చి పక్కకు నెట్టకూడదు.

రెండోది 2025 ఆగస్టులో వచ్చింది. పంజాబ్‌లో 2024 మెడికల్ సీట్ల ఆటల కోటాకు మొదట పదకొండు, పన్నెండు తరగతుల్లో ఆడిన ఆటనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. దరఖాస్తులు మొదలయ్యాక తొమ్మిది, పది తరగతుల ఆటా చెల్లుతుందని మార్చారు. ఆట మొదలయ్యాక రూలు మార్చడం కుదరదంటూ సుప్రీంకోర్టు ఆ మార్పును తప్పుపట్టింది. ముందే ఖరారు చేయకుండా వదిలేస్తే అయినవాళ్లకు వడ్డించుకోవడానికి సందు దొరుకుతుందన్నది కోర్టు ఆందోళన. మైదానంలో రిఫరీ మధ్యలో రూలు మారిస్తే మనం ఊరుకుంటామా? కౌన్సెలింగ్‌లో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

కాగితాన్ని నలుగురిలో పెడదాం

మందు మరీ కష్టమైనదేం కాదు. మోసం చాటున బతుకుతుంది కాబట్టి, చాటు లేకుండా చేయడమే మందు. ఆటల కోటాలో సీటు వచ్చిన ప్రతి అభ్యర్థి ఏ పోటీలో, ఏ తేదీన, ఎవరిమీద ఆడి ఆ అర్హత సంపాదించారో సీటు ఖరారు కాకముందే అందరికీ కనిపించేలా పెడితే చాలు. జట్టులోని మిగతా పదకొండు మందీ చూస్తారు. 'వీడు మాతో ఎప్పుడు ఆడాడు?' అని అడగడానికి వాళ్లకంటే మంచి సాక్షులెవరు? జాతీయ సమాఖ్యలు ఇచ్చే సర్టిఫికెట్లు డిజీలాకర్‌లో ఉండాలని కేంద్ర క్రీడా శాఖ 2023లో చెప్పింది. మంచి అడుగు. కాకపోతే డిజీలాకర్ కాగితం అసలుదా, నకిలీదా అన్నదే చెబుతుంది. ఆ పిల్లాడు నిజంగా ఆటలోకి దిగాడో లేదో చెప్పాల్సింది స్కోరుషీటే. బాస్కెట్‌బాల్‌లో స్కోరుషీటు ఎలాగూ రాస్తారు. ఎవరు దిగారు, ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరికి ఎన్ని ఫౌళ్లు... అన్నీ అందులో ఉంటాయి. దాని నకలు సర్టిఫికెట్‌కు జత చేయమంటే సరి.

కాలేజీల వైపు నుంచీ ఒక రూలు రావాలి. ఆట చూసి సీటిచ్చే కాలేజీ ఏం ఇస్తుందో, ఎన్నేళ్లు ఇస్తుందో, గాయమైతే ఏమవుతుందో కాగితం మీద రాసివ్వాలి. ర్యాంకరైనా, ఆటగాడైనా పిల్లాడు సరుకు కాదు కదా!

ఈలోగా అమ్మానాన్నలు చేయగలిగినవి కొన్నున్నాయి.

• పోటీకి పంపేముందు అది పెట్టేది గుర్తింపున్న సంఘమేనా అని జిల్లా యువజన, క్రీడల అధికారి దగ్గర అడగండి. ఎంట్రీ ఫీజు ఎక్కువైనంత మాత్రాన పోటీ పెద్దది కాదు.

• ప్రతి సర్టిఫికెట్‌తో పాటు జట్టు జాబితా, స్కోరుషీటు నకలు, ఫొటో దాచుకోండి. అయిదేళ్ల తర్వాత అడిగితే ఇచ్చేవాళ్లుండరు.

• పుట్టిన తేదీ ఒక్క ఏడాది కూడా కదిలించొద్దు. అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే పద్ధతి ఉంది. పట్టుబడితే పోయేది పిల్లాడి భవిష్యత్తే.

• డిగ్రీలో చేరేటప్పుడు దోస్త్‌లో ఆటల కేటగిరీ పరిశీలన తేదీలు వేరుగా వస్తాయి. అవి దాటిపోతే అసలు సర్టిఫికెట్ ఉన్నా ఉపయోగం ఉండదు.

• 'మీ వాడు ఆడకపోయినా ఫర్వాలేదు, సర్టిఫికెట్ నేను చూసుకుంటా' అనే మనిషికి గుమ్మంలోంచే దండం పెట్టేయండి.

ఆ చివరి మాట గురించి ఇంకొక్క ముక్క. దొంగ సర్టిఫికెట్ కొనే తండ్రి ప్రభుత్వాన్ని మోసం చేస్తున్నానని అనుకుంటాడు. ప్రభుత్వానికి పోయేదేమీ లేదు. సీటు ఎలాగూ ఎవరికో ఒకరికి ఇస్తుంది. పోయేది రెండొందల్లో ఒక్కటైన ఆ సీటుకు నిజంగా ఆడి వచ్చిన పిల్లకు. ఆ పిల్లకు తను ఎవరి చేతిలో ఓడిపోయిందో కూడా తెలియదు. మైదానంలో అయితే ఓడించినవాళ్ల ముఖమైనా కనిపిస్తుంది. మ్యాచ్ అయ్యాక చెయ్యి కలిపి, వచ్చే ఏడు చూసుకుందాం అనొచ్చు. కౌంటర్ దగ్గర ఓడినవాళ్లకు వచ్చే ఏడు ఉండదు.